కంట్రీ, గాస్పెల్ సింగర్లు పాటకి ముందు చెప్పే కథలు నిజమేనా? నేను చూసినంతలో చెప్తా

అడిగిన ప్రశ్న ఏంటంటే, అమెరికాలో కంట్రీ (అక్కడి పల్లె బాణీ పాటలు), గాస్పెల్ (చర్చి భక్తి పాటలు) సొంతంగా రాసుకుని పాడేవాళ్ళు ప్రతి పాటకీ ముందు ఏదో ఒక కథ చెప్తారు కదా, అవి నిజంగా జరిగినవేనా లేక జనం కోసం అల్లినవా, అసలు కథ తెలుసుకుని వింటే పాటకి లాభమా నష్టమా అని.

నేను ఉండేది కంట్రీ పాటలకి పెట్టింది పేరైన నాష్‌విల్ పక్కనే, ఉద్యోగం ఐటీయే అనుకోండి, కానీ ఆదివారం మా తెలుగు ఫెలోషిప్‌లో గిటార్ వాయిస్తా, అప్పుడప్పుడు పాటలు కూడా రాస్తుంటా, కాబట్టి అటు వాళ్ళ పద్ధతీ ఇటు మన పద్ధతీ రెండూ కొంచెం చూశాను. నా లెక్క ప్రకారం ఆ కథలు చాలావరకు నిజమే. కాకపోతే పాట ఎక్కడ మొదలైందో మాత్రమే కథ చెప్తుంది, ఆ పాట యాభై ఏళ్ళు ఎందుకు నిలబడిందో అది చెప్పలేదు. ఇంకోటి, మంచి రైటర్ చెప్పే కథ దాదాపు ఎప్పుడూ పాట కన్నా చిన్నగానే ఉంటుంది, కథే పాటని మించిపోతుంటే మాత్రం నాకు డౌటు కొడుతుంది.

ఇక్కడ బ్లూబర్డ్ కెఫే అని ఒకటి ఉంది, 1982లో పెట్టారు, చిన్న షాపుల వరసలో ఉంటుంది, బయట నుంచి చూస్తే ఇదా అంత ఫేమస్ అనిపిస్తుంది, లోపల సీట్లు ఒక 90 ఉంటాయంతే. స్టేజి మీద కాకుండా గది మధ్యలో ముగ్గురు నలుగురు రైటర్లు ఎదురెదురుగా కుర్చీలేసుకుని కూర్చుంటారు, ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు తమ పాట గురించి నాలుగు ముక్కలు చెప్పి పాడతారు, మధ్యలో మనం మాట్లాడామో ష్ అంటారు. రేడియోలో వేరే ఎవరో పాడి హిట్టు చేసిన పాట అసలు రాసింది ఈయనా అని అక్కడే తెలుస్తుంది. ఒక పెద్దావిడ చర్చి పాట లాంటిది పాడుతూ అది వాళ్ళ నాన్న ట్రాక్టర్ గురించి అని చెప్పింది, ఇంకోసారి వేరే చోట అదే పాటకి వాళ్ళ ఆయన హాస్పిటల్లో ఉన్నప్పటి కథ చెప్పింది. నేను ఊరుకోలేక తర్వాత వెళ్ళి అడిగేశాను, ఇందులో ఏది నిజమండీ అని. ఆవిడ ఏమీ అనుకోలేదు, నవ్వేసి, మొదటి చరణం ట్రాక్టర్ దగ్గర వచ్చింది, రెండోది హాస్పిటల్లో వచ్చింది, మధ్యలో పదేళ్ళు గ్యాప్ అంది. అంటే రెండూ నిజమే!

కంట్రీ సింగర్ డాలీ పార్టన్ సంగతి చూడండి. టెనెసీ కొండల్లో పన్నెండు మంది పిల్లల ఇల్లు, తాతగారు పాస్టరు. చిన్నప్పుడు వాళ్ళమ్మ గుడ్డ ముక్కలన్నీ అతికి కోటు కుడుతూ బైబిల్లో యోసేపు రంగురంగుల అంగీ కథ చెప్పిందట, ఆ కోటేసుకుని స్కూలుకెళ్తే పిల్లలు ఎగతాళి చేశారు. అదే 1971లో వచ్చిన కోట్ ఆఫ్ మెనీ కలర్స్. అయితే ఆవిడ ఈ కథ చెప్పినప్పుడల్లా నాకు కోటు కన్నా ఎక్కువ గుర్తుండేది ఒక రసీదు. 1969లో టూర్ బస్సులో వెళ్తుంటే పాట తన్నుకొచ్చింది, చేతిలో కాగితం లేదు, తనతో కలిసి షోలు చేసే సింగర్ పోర్టర్ వాగనర్ సూట్‌కి డ్రైక్లీనింగ్ వాళ్ళు తగిలించిన రసీదు పీకి దాని మీద రాసేసింది, పాట హిట్టయ్యాక వాగనర్ ఆ రసీదుకి ఫ్రేము కట్టించాడు. పేదరికం, అవమానం, అమ్మ ప్రేమ ఇవన్నీ ఎవరైనా కల్పించి చెప్పగలరు గానీ డ్రైక్లీనింగ్ రసీదు ఎవరు కల్పిస్తారు చెప్పండి.

పాతకాలం కంట్రీ సింగర్ హ్యాంక్ విలియమ్స్ పాట ఐ సా ద లైట్ ఇంకా చిన్న కథ. షో అయ్యాక రాత్రి కారులో మాంట్‌గోమరీ తిరిగొస్తున్నారు, వాళ్ళమ్మ డ్రైవింగ్, దూరంగా ఎయిర్‌పోర్టు లైటు కనపడితే అదిగో లైటు కనపడింది, ఊరొచ్చేసింది లేవండి అందట. అంతే, దేవదూతలు లేరు ఏమీ లేరు. ట్యూన్ కూడా ఆల్బర్ట్ బ్రమ్లీ రాసిన ఒక పాత గాస్పెల్ పాటకి బాగా దగ్గరగా ఉంటుంది. 1953 జనవరి 1న హ్యాంక్ ఒహాయోలో షోకి వెళ్తూ కారు వెనక సీట్లోనే చనిపోతే, అక్కడ హాల్లో ఎదురుచూస్తున్న జనం ఈ పాటే పాడారు. ఎయిర్‌పోర్టు లైటు నుంచి అక్కడిదాకా వెళ్ళింది ఆ పాట.

ఇక నాకు బాగా ఇష్టమైన కేసు క్రిస్ క్రిస్టాఫర్సన్ అనే కంట్రీ పాటల రైటర్. ఆక్స్‌ఫర్డ్‌లో రోడ్స్ స్కాలర్ (పెద్ద పేరున్న స్కాలర్‌షిప్ మీద చదివాడు), తర్వాత ఆర్మీలో హెలికాప్టర్ పైలట్, కెప్టెన్ దాకా వెళ్ళాడు, అవన్నీ వదిలేసి 1965లో నాష్‌విల్ వచ్చి కొలంబియా రికార్డింగ్ స్టూడియోలో నేల తుడిచే పని చేశాడు (మన ఇళ్ళల్లో ఎవడైనా ఇలా చేస్తే ఏమవుతుందో ఊహించుకోండి, వాళ్ళింట్లో కూడా అదే అయింది). ఈయన గురించి అందరూ చెప్పుకునే కథ ఏంటంటే అప్పటికే పెద్ద స్టారైన సింగర్ జానీ క్యాష్‌కి పాట వినిపించడానికి ఏకంగా హెలికాప్టర్ తీసుకెళ్ళి ఆయనింటి ముందు గడ్డిలో దించాడు అని. క్యాష్ చెప్పిన దాంట్లో అయితే ఒక చేతిలో టేపు, ఇంకో చేతిలో బీరు పట్టుకుని దిగాడు. క్రిస్టాఫర్సన్‌ని అడిగితే దించిన మాట నిజమే గానీ బీరు అబద్ధం, అది నడపడానికి రెండు చేతులూ కావాలి, క్యాష్‌కి ఊహాశక్తి కొంచెం ఎక్కువ అన్నాడు. చూశారా, జరిగింది ఒకటే, పాడేవాడి నోట్లో పడగానే దానికో బీరు తోడైంది. నాకైతే ఇందులో మోసం ఏమీ కనపడదు, కథ చెప్పడం కూడా వాళ్ళ పనిలో భాగమే, కాకపోతే దాన్ని సాక్ష్యంలా కోర్టులో పెట్టకూడదంతే.

అదే మనిషి వై మీ అనే తన గాస్పెల్ పాట గురించి మాట్లాడేటప్పుడు మాత్రం ఎక్కడా మసాలా ఉండేది కాదు. అప్పటికి పేరొచ్చేసింది, డబ్బొచ్చేసింది, తాగుడు కూడా గట్టిగానే ఉంది. నాష్‌విల్‌లో జిమ్మీ స్నో అనే పాస్టరు చర్చికి కొన్నీ స్మిత్ అనే సింగర్ తీసుకెళ్ళింది, అక్కడ ల్యారీ గ్యాట్లిన్ హెల్ప్ మీ అనే పాట పాడాడు, చివర్లో పాస్టరు ప్రార్థన కావాల్సినవాళ్ళని పిలిస్తే, నేనైతే ఛస్తే వెళ్ళను అనుకున్న ఈయన వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుని ఏడ్చాడు. ఎందుకు ఏడ్చాడో ఆయనకే సరిగ్గా తెలీదు, ఇంటర్వ్యూల్లో కూడా వివరించడానికి పెద్దగా ప్రయత్నించలేదు. ఆ తర్వాత పాట రాశాడు, 1973లో కంట్రీ చార్టులో నంబర్ వన్ అయింది, రికార్డులో వెనక వినిపించే గొంతుల్లో గ్యాట్లిన్‌ది కూడా ఉంది. హెలికాప్టర్ కథ వినడానికి బాగుంటుంది, ఈ కథ చెప్పేటప్పుడు మనిషి తడబడేవాడు. నమ్మాలా వద్దా అనేదానికి నేను చూసేది ఆ తడబాటే.

గాస్పెల్‌లో ఈ చర్చ రాగానే అందరూ చెప్పేది ప్రెషస్ లార్డ్ పాట. మా చర్చి వాట్సాప్ గ్రూపులో ఏడాదికోసారైనా దీని కథ ఫార్వర్డ్ వస్తుంది, అందులో సగంసార్లు రాసింది టామీ డోర్సీ అనే బ్యాండ్ లీడర్ అని ఉంటుంది. అది తప్పండీ బాబూ. రాసింది థామస్ ఎ. డోర్సీ, జార్జియాలో 1899లో పుట్టిన నల్లజాతి పియానిస్టు, అంతకుముందు జార్జియా టామ్ అనే పేరుతో చర్చివాళ్ళు చెవులు మూసుకునే బ్లూస్ పాటలు (నల్లజాతివాళ్ళ బాధల, సరసాల పాటలు) వాయించినాయన. 1932 ఆగస్టులో షికాగో నుంచి సెయింట్ లూయిస్‌లో మీటింగ్‌కి వెళ్ళాడు, ఇంట్లో భార్య నెట్టీ నిండు గర్భిణి. మీటింగ్ జరుగుతుండగానే టెలిగ్రామ్ వచ్చింది, కాన్పులో నెట్టీ పోయిందని. ఇంటికెళ్ళేసరికి బాబు ఉన్నాడు, వాడు కూడా బతకలేదు. దేవుడి మీద అలిగి మళ్ళీ బ్లూస్‌కే వెళ్ళిపోదాం అనుకున్నాడట, కొన్ని రోజులకి ఒక పియానో ముందు కూర్చుంటే ఇది వచ్చింది. 1982 నాటి సే ఆమెన్ సంబడీ అనే డాక్యుమెంటరీలో ముసలితనంలో ఆయనే కూర్చుని చెప్తాడు, వీలైతే అది చూడండి, ఫార్వర్డ్‌లు మానేయండి.

కానీ ఫార్వర్డ్‌లో ఉండని సంగతి ఒకటుంది, ఆ ట్యూన్ ఆయనకి ఆ రోజు ఆకాశం నుంచి పడలేదు, పాత చర్చి ట్యూన్ ఒకటి తీసుకుని దాన్ని బ్లూస్ వాయించిన చేత్తో నెమ్మదిగా వంచాడు. దుఃఖం ఎవరికైనా వస్తుంది, ఆ చెయ్యి ఏళ్ళ తరబడి వాయిస్తే గానీ రాదు. ఈ ముక్క చెప్తే మా వాళ్ళకి నచ్చదు, పాటని తక్కువ చేస్తున్నా అనుకుంటారు. నాకేమో దీనివల్లే పాట మీద గౌరవం పెరిగింది.

మన దగ్గర కూడా ఇది ఉన్నదే కదా, పాట పాడే ముందు రెండు నిమిషాలు సాక్ష్యం అని మైకు పట్టుకుంటే ఇరవై నిమిషాలు వదలరు, అయ్యగారు గడియారం చూసుకుంటూ ఉంటారు. నేను రాసిన పాటల్లో ఒకదాని గురించి ఎప్పుడూ అడుగుతారు, ఏ కష్టంలో వచ్చింది బ్రదర్ అని. స్కూలు దగ్గర పిల్లల్ని ఎక్కించుకోవడానికి కార్ల లైన్లో కూర్చుంటే వచ్చిందండీ అంటే మొహాలు చిన్నబోతాయి! ఎదుటివాళ్ళ మొహం ఎక్కడ వెలుగుతుందో అక్కడ మన నోరు కాస్త ఎక్కువసేపు ఆగుతుంది, కథలు పెరిగేది అలాగే అని నాకు అప్పుడే అర్థమైంది.

లాభమా నష్టమా అంటే, ముందు పాట వినండి, నచ్చితే అప్పుడు కథ వెతకండి. విన్స్ గిల్ అనే కంట్రీ సింగర్ రాసి పాడిన గో రెస్ట్ హై నేను అలాగే విన్నాను. 1989లో కీత్ విట్లీ అనే సింగర్ చనిపోయినప్పుడు మొదలుపెట్టి పక్కన పడేశాడు, 1993లో తన అన్న పోయాక పూర్తి చేశాడు, 1995లో సింగిల్‌గా వచ్చింది. 2013లో జార్జ్ జోన్స్ అనే పెద్ద కంట్రీ సింగర్ అంత్యక్రియల్లో పాడుతూ గొంతు పూడుకుపోయి పాడలేకపోయాడు, పక్కన పాడుతున్న సింగర్ ప్యాటీ లవ్‌లెస్ పాటని లాక్కొచ్చింది. తర్వాత ఎన్నో ఏళ్ళకి ఇంకో చరణం కలిపాడు. మరి ఈ పాట వెనక కథ ఏ సంవత్సరంది అంటారు?

మన ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తీస్తే పైన రాగం, తాళం ఉంటాయి, కింద రాసినవాళ్ళ పేరు ఉంటుంది, కథ ఉండదు. 1803లో పుట్టిన పురుషోత్తమ చౌదరి గారి కీర్తనలు మా నాయనమ్మ పుస్తకం చూడకుండా పాడేది, ఏది ఎప్పుడు ఎందుకు రాశారో ఆవిడకి తెలీదు, అడగాలని కూడా ఎప్పుడూ అనుకోలేదు. మీ ఇళ్ళల్లో పెద్దవాళ్ళు ఎవరైనా ఆ కీర్తనల వెనక సంగతులు చెప్పి ఉంటే కింద రాయండి, డ్రైక్లీనింగ్ రసీదు లాంటి చిన్న సంగతైనా పర్లేదు.