పాస్‌వర్డు అబ్బాయిది, పుస్తకం అమ్మది

ప్రశ్న: మాస్టారూ, మాది గుంటూరు బ్రాడీపేట. మేము బీసీలం. మా అబ్బాయి ఏడో తరగతి వరకు తెనాలిలో చదివాడు. ఇప్పుడు విజయవాడ హాస్టల్లో ఉండి ఇంటర్ ఎంపీసీ పరీక్షలు రాశాడు. ఇంజినీరింగ్‌లో చేరడానికి ఏప్రిల్‌లో జేఈఈ మెయిన్ రెండో విడత, మేలో ఈఏపీసెట్, ఈలోగా ప్రైవేటు యూనివర్సిటీల దరఖాస్తులు. ఒక్కోదానికి ఒక్కో నంబరు, ఒక్కో ఆఖరి తేదీ. అడిగితే ‘నేను చూసుకుంటాలే అమ్మా’ అంటాడు. నాకు నిద్ర పట్టడం లేదు. వీటన్నిటినీ ఒక దారిలో పెట్టేదెలా?
– ఒక తల్లి, గుంటూరు

జవాబు: అమ్మా, పరీక్ష సంగతి మీవాడు చూసుకోగలడు. కాగితాల సంగతి వాడొక్కడికే వదిలేసేది కాదు. మంచి ర్యాంకు తెచ్చుకుని కూడా ఒక్క పత్రం కోసం ఆఖరి రోజున పరుగులు తీసిన కుటుంబాలను లెక్చరర్‌గా చాలా చూశాను. అందుకని పని పంచుకోండి. చదువు, పాస్‌వర్డులు వాడివి. తేదీలు, కాగితాలు మీవి.

ఒక పొడుగు నోటుపుస్తకం కొని, ఒక్కో పరీక్షకు ఎదురెదురుగా రెండు పేజీలు కేటాయించండి. ఎడమవైపు దరఖాస్తు నంబరు, ఇచ్చిన ఈమెయిలు, కట్టిన రుసుము. కుడివైపు తేదీలు తప్ప ఇంకేమీ రాయకండి. అన్నిచోట్లా ఒకే ఫోను నంబరు ఇవ్వండి. ఓటీపీలు దానికే వస్తాయి కనుక కౌన్సెలింగ్ ముగిసేదాకా ఆ సిమ్ మార్చవద్దు.

కాగితాల్లో మొదట చూడవలసింది పేరు. పదో తరగతి మెమో పక్కన ఆధార్ పెట్టి అక్షరం అక్షరం పోల్చండి. మన ఇళ్లలో ఒకచోట ఇంటిపేరు పూర్తిగా, ఇంకోచోట పొడి అక్షరంగా ఉండటం మామూలే. తేడా ఉంటే మెమోలో ఉన్నట్టుగా ఆధార్‌ను ఇప్పుడే సరిచేయించండి.

మీ విషయంలో నాకు ఎక్కువ పట్టింపు కుల ధ్రువపత్రం గురించి. సచివాలయం ద్వారా వచ్చేది ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌కు సరిపోతుంది. జేఈఈ మెయిన్ ర్యాంకుతో ఎన్ఐటీల్లో, అంటే కేంద్రం నడిపే ఇంజినీరింగ్ కాలేజీల్లో, సీట్లు కేటాయించే జోసాకు అది చాలదు. మీ కులం కేంద్ర ఓబీసీ జాబితాలో ఉంటే, క్రీమీలేయర్ (ఓబీసీల్లో సంపన్న వర్గం) కిందికి రారని తెలిపే పత్రం కేంద్రం నమూనాలో తీసుకోవాలి. అది ఈ ఏడాది ఏప్రిల్ 1న గానీ ఆ తర్వాత గానీ ఇచ్చినదై ఉండాలి. జనవరి విడత కోసం ముందే తీసుకున్నది ఉంటే దానితో ధీమాగా ఉండకండి. ఏప్రిల్ మొదటి వారంలోనే కొత్తదానికి దరఖాస్తు పెట్టండి.

స్థానికత తేల్చడానికి ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు కావాలి. వేసవి సెలవులు ఇస్తే తెనాలి బడిలో సంతకం పెట్టేవారు దొరకరు, ఈలోపే వెళ్లి రండి. ఫీజు రీయింబర్స్‌మెంట్ కోసం రేషన్ కార్డు చూపించేటట్టయితే అందులో అబ్బాయి పేరు ఉందేమో చూసుకోండి.

ఇక వెబ్ ఆప్షన్లు, అంటే కౌన్సెలింగ్‌లో కోరుకునే కాలేజీల వరస. కాలేజీ కోడు, బ్రాంచి కోడు ముందు కాగితం మీద వరసగా రాసుకున్నాకే కంప్యూటర్ ముందు కూర్చోండి. ‘మన ర్యాంకుకు రాదులే’ అని మంచి కాలేజీని కిందికి నెట్టకండి. ర్యాంకు ప్రకారం మీవాడి వంతు వచ్చినప్పుడు జాబితాను పైనుంచి చూస్తూ వచ్చి, ఖాళీ ఉన్న మొదటి సీటు ఇస్తారు. పైన పెట్టిన కాలేజీ రాకపోతే నష్టమేమీ లేదు. కింద పెట్టాల్సింది పైన పెడితే మాత్రం అదే మీ నెత్తిన పడుతుంది. కాలేజీల తరఫున కొందరు ఫోన్లు చేసి, ఆప్షన్లు తామే పెడతామంటూ హాల్ టికెట్ నంబరు, పాస్‌వర్డు, ఓటీపీ అడుగుతారు. ఎంత తెలిసినవాళ్లయినా ఇవ్వకండి అమ్మా. నాలుగేళ్లు ఆ కాలేజీలో చదవాల్సింది మీ అబ్బాయి. పెట్టిన ఆప్షన్ల ప్రింటు తీసి, కాగితం మీద రాసుకున్న వరసతో ఇద్దరూ కలిసి సరిచూడండి.

సీటు వచ్చిందని ఫోనుకు సందేశం రాగానే పని అయిపోదు. రుసుము కట్టి, ఆన్‌లైన్‌లో రిపోర్టు చేసి, కాలేజీకి వెళ్లి చేరాలి. వీటి గడువులు కుడి పేజీలో ఎర్ర సిరాతో రాయండి. జోసా వాళ్లు పత్రాల మీద సందేహం అడిగితే గడువులోగా జవాబివ్వకపోతే సీటే రద్దవుతుంది. కనుక ఆ రోజుల్లో పొద్దున, సాయంత్రం వాడిచేత లాగిన్ చేయించండి.

ప్రైవేటు యూనివర్సిటీకి డబ్బు కట్టే ముందు, సీటు వదులుకుంటే ఏ తేదీలోపు ఎంత తిరిగి ఇస్తారో రాతపూర్వకంగా అడిగి పుస్తకంలో ఎక్కించండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గరే ఉంచుకుంటామంటే ఒప్పుకోకండి. సరిచూసి వెంటనే తిరిగి ఇచ్చేయాలని 2018లోనే యూనివర్సిటీలకు నియమాలు పెట్టే యూజీసీ ఆదేశించింది.