ముందు ఉప్పు, మందు తర్వాత

చిరంజీవి బుజ్జికి, పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫొటోలు పెద్దవి చేసి చూశాను. గోల్డ్‌ఫిష్‌కి కుడి పక్కన, వీపు రెక్కకి కాస్త కింద, చింతగింజంత మేర పొలుసులు లేచిపోయి ఎర్రగా ఉంది. తోక అంచు చిరిగింది. కానీ తిన్నగానే ఈదుతోంది, గింజ వేస్తే పైకి వస్తోంది అన్నావు. అలాంటి చేప బతుకుతుందిరా. కనిపించిన మందల్లా తెచ్చి పొయ్యకుండా ఉండు, చాలు.

ఈ రాత్రే దాన్ని వేరు చెయ్యి. వలతో పట్టకు. వల దారాలు ఒంటిమీది జిగురుని గీకేస్తాయి, పుండు పడ్డ చేపకి ఆ జిగురే కాపు. మూత తీసిన ప్లాస్టిక్ డబ్బాని నీళ్లలో ముంచి, రెండో చేత్తో చేపని మెల్లగా అందులోకి తోలి, నీళ్లతో సహా ఎత్తు. 20 లీటర్ల టబ్ ఒకటి చూసుకో. సబ్బు, సర్ఫు ఎప్పుడూ తగలనిదై ఉండాలి. అందులో అక్వేరియం నీళ్లే పొయ్యి. అక్వేరియంలో స్పాంజి ఫిల్టర్ ఉంది కదా, దాన్ని కడక్కుండా అలాగే తెచ్చి టబ్‌లో పెట్టు. చేప వదిలే అమ్మోనియాని తినే బ్యాక్టీరియా ఆ స్పాంజిలోనే కాపురం ఉంటుంది. టబ్ మీద సగం దాకా పేపరు కప్పు, వెలుతురు తగ్గితే దానికి బెదురు తగ్గుతుంది. పిల్లల్ని దగ్గరికి రానివ్వకు, టబ్ మీద టకటకా కొడతారు.

ఇక ఉప్పు. చేప ఒంట్లో ఉప్పు ఎక్కువ, చుట్టూ ఉన్న మంచినీళ్లలో తక్కువ. చర్మం తెగినచోట నీళ్లు లోపలికి చొరబడతాయి, ఒంట్లో ఉప్పు బయటికి జారిపోతుంది. ఓటి పడవలో కూర్చుని నీళ్లు తోడేవాడి పరిస్థితి దానిది. తోడడానికే శక్తంతా పోతే పుండు మానేదెప్పుడు? టబ్ నీళ్లలో కాస్త ఉప్పుంటే ఆ చాకిరీ తగ్గుతుంది. కల్లుప్పు తీసుకో. అయోడిన్ ఉప్పయినా ఈ మోతాదుకి చేప చావదు గానీ, కల్లుప్పు చవక. లీటరుకి 3 గ్రాముల లెక్కన 20 లీటర్లకి 60 గ్రాములు. ఒక్కసారే వెయ్యకు. మొదటి రోజు 20 గ్రాములు, మర్నాడు 20, ఆ మర్నాడు 20. గళ్లు నేరుగా టబ్‌లో పడెయ్యకుండా మగ్గు నీళ్లలో కరిగించి, చేపకి దూరంగా పొయ్యి. చెంచాలతో కొలవొద్దు, గళ్లు చిన్నాపెద్దా ఉంటాయి. కొట్లో తూకం వేయించుకుని మూడు పొట్లాలు కట్టించుకో.

రోజూ 5 లీటర్లు తీసి కొత్త నీళ్లు పొయ్యాలి. తీసిన నీళ్లతో పోయిన ఉప్పు మాత్రమే మళ్లీ వెయ్యి. అంటే 60 గ్రాములూ పడ్డాక 5 లీటర్లకి 15 గ్రాములు. ఎండకి ఆవిరైపోయిన నీళ్లకి బదులు మాత్రం ఉత్త నీళ్లే పొయ్యి, ఉప్పు ఆవిరవదు కదా. కృష్ణలంక కుళాయిలో నీళ్లు తేటగానే ఉంటాయి గానీ క్లోరిన్ కలిపి వదులుతారు, అది మొప్పల్ని కాలుస్తుంది. యాంటీ క్లోరిన్ చుక్కలు వెయ్యి. లేకపోతే బకెట్లో పట్టి, ఎయిర్ పంపు పెట్టి ఒక రోజంతా ఉంచాక వాడు. రెండు నీళ్లలోనూ చెయ్యి పెట్టి చూడు, వేడిలో తేడా తెలియకూడదు.

మీ అమ్మ పసుపు వెయ్యమంటుంది, నాకు తెలుసు. మన వేలు తెగితే సరే గానీ టబ్‌లో వేస్తే నీళ్లు మడ్డిగా తయారై పుండు కనపడకుండా పోతుంది, అంతే. కైకలూరు వైపు చెరువుల వాళ్లు పర్మాంగనేట్ వాడతారని ఎవరైనా చెప్పినా వినకు. ఎకరాల చెరువుకి వేసే మందుని 20 లీటర్లకి కుదించబోతే చిటికెడు ఎక్కువైనా మొప్పలు మాడతాయి. మనుషులు వేసుకునే యాంటీబయాటిక్ గొట్టాలు విప్పి పొయ్యడం అంతకంటే దరిద్రం.

మిథిలీన్ బ్లూ సీసా ఒకటి ఇంట్లో పెట్టుకో, మూత మాత్రం తియ్యకు. పుండు మీద దూదిపోగుల్లా తెల్లగా లేస్తే అది బూజు, అప్పుడు తియ్యి. సీసా మీద రాసిన మోతాదే వెయ్యి, అదీ టబ్‌లోనే. ముందు స్పాంజిని తీసి అక్వేరియంలో పెట్టెయ్యి, ఎందుకంటే ఆ నీలం మందు స్పాంజిలోని మంచి బ్యాక్టీరియాని కూడా చంపుతుంది. స్పాంజి లేదు కాబట్టి గాలి కోసం ఎయిర్ స్టోన్ వెయ్యి, రోజూ సగం నీళ్లు మార్చు. దూదిలా కాకుండా వీపు మీద జీను వేసినట్టు బూడిదరంగు పొర పరుచుకుని పూటపూటకీ పాకుతుంటే అది బూజు కాదు, బ్యాక్టీరియా. వేడి నీళ్లలో అది మరీ జోరు మీద ఉంటుంది. అప్పుడు ఆలస్యం చెయ్యకుండా చేపల సంగతి తెలిసిన పశువుల డాక్టరుకి ఫోన్ చెయ్యి.

వేడి అంటే గుర్తొచ్చింది. జబ్బు చేపకి హీటర్ పెట్టాలని కొందరంటారు. బెజవాడ ఎండల్లో హీటరా! నీళ్లు వేడెక్కేకొద్దీ అందులో ప్రాణవాయువు తగ్గుతుంది, గోల్డ్‌ఫిష్ అసలే చల్లటి నీళ్ల చేప. టబ్‌ని బాల్కనీలోంచి లోపలికి తెచ్చి టేబుల్ ఫ్యాను నీళ్ల మీదికి తిప్పు. ఐసు ముక్కలు వెయ్యకు. కరెంటు పోతే బ్యాటరీ ఎయిర్ పంపు పెట్టు, అది లేకపోతే మగ్గుతో నీళ్లు తీసి కాస్త ఎత్తు నుంచి పోస్తూ కూర్చో.

మొదటి రోజు తిండి వద్దు. తర్వాత నాలుగైదు గింజలు, మిగిలితే వెంటనే తీసెయ్యాలి.

నాలుగైదు రోజుల్లో ఎరుపు తగ్గి పుండు పాలిపోతుంది. తోక అంచున గాజులా పారదర్శకంగా సన్నటి పొర కనిపిస్తే అది కొత్త రెక్క. పుండు చుట్టూ నల్లబడితే కుళ్లిందనుకుని కంగారు పడకు, గోల్డ్‌ఫిష్‌కి మానేచోట నలుపు రావడం మామూలే, తర్వాత పోతుంది. పొలుసులు రావడానికి వారాలు పడుతుంది. చర్మం మూసుకుంటే చాలు, ఉప్పు వెయ్యడం ఆపి, రోజూ మార్చే నీళ్లతోనే దాన్ని పల్చబడనివ్వు.

ఇంతకీ కొరికిందెవరు? నువ్వు రెండో గోల్డ్‌ఫిష్‌ని అనుమానిస్తున్నావు. మగది ఆడదాన్ని తరిమినా పొలుసులు రాలతాయి, కాదనను. అప్పుడు మగదాని మొప్పల మూతల మీద ఆవగింజల్లా తెల్లచుక్కలు కనపడతాయి. నీ ఫొటోలో అవి లేవు. మూల పైపు వెనక అతుక్కుని ఉన్నదే దొంగ, ఆ సక్కర్ చేప. అద్దాలు శుభ్రం చేస్తుందని షాపువాళ్లు వేలెడంత పిల్లని అంటగడతారు. అది అడుగు దాటి పెరుగుతుంది. పెరిగేకొద్దీ పాచి మీద మోజు తగ్గి, రాత్రిపూట నిద్రపోయే చేప పక్కకి అతుక్కుని జిగురు జుర్రుతుంది. గోల్డ్‌ఫిష్ నెమ్మది చేప, ఒళ్లు వెడల్పు, దానికి తేలిగ్గా దొరికిపోతుంది. నమ్మకం లేకపోతే లైట్లన్నీ ఆర్పి, అర్ధరాత్రి సెల్ టార్చి వేసి చూడు, ఇంకోదాన్ని పట్టుకుని ఉంటుంది. రాత్రి దోసకాయ ముక్క వేస్తే మానుతుందని చెబుతారు, రుచి మరిగాక మానదు.

దాన్ని కొన్న షాపుకే తిరిగిచ్చెయ్యి. డబ్బులు రాకపోయినా ఇచ్చెయ్యి. గుమ్మం దాటితే బందరు కాలవే కదా అని అందులో మాత్రం వదలకు. ఇలా వదిలినవే డెవిల్ ఫిష్ పేరుతో కృష్ణా, గోదావరి జిల్లాల కాలవల్లో, చెరువుల్లో పెరిగి, ముళ్ల ఒంటితో వలలు చింపుతూ, గట్లకి బొరియలు పెడుతూ రైతుల్ని ఏడిపిస్తున్నాయి. మన ఊరి చేపలకి దాన్ని తినే దమ్ము లేదు.

సక్కర్ బయటికి వెళ్లేదాకా గోల్డ్‌ఫిష్‌ని టబ్‌లోంచి తియ్యకు. రోజూ పొద్దున్నే ఒక ఫొటో పంపు, ఫ్లాష్ వెయ్యకుండా, అదే పక్కనుంచి. చేప అడుగున ఒరిగినా, గింజ ముట్టకపోయినా ఫొటో కోసం ఆగకుండా ఫోన్ చెయ్యి.

ఇట్లు,
పెదనాన్న, గుంటూరు