కెమెరాకు అప్పు దొరికింది సరే, ఆవులకు బీమా ఏదీ?

ప్రశ్న: మాకు 30 పాడి ఆవులున్నాయి. పాలు పితికాక అవి బయటికొచ్చే దారిలో పైన కెమెరా బిగిస్తే, వీపు చిత్రాన్ని చూసి ఒంటి పుష్టికి రోజూ స్కోరు ఇచ్చే సిస్టమ్ కొందామనుకుంటున్నాం. అమ్మే కంపెనీవాళ్లే రెండేళ్ల వాయిదాలతో అప్పు ఇప్పిస్తామన్నారు. పెరిగే పాలతోనే అది తీరిపోతుందట. చేతిలో ఉన్న డబ్బు డౌన్ పేమెంట్‌కు సరిపోతుంది. ఆవుల బీమా పోయిన ఏడాది రెన్యువల్ చేయలేదు. తీసుకోవచ్చా?

జవాబు: ఇప్పుడు వద్దు. మీ ఉత్తరంలో అన్నిటికన్నా ముఖ్యమైన మాట బీమా గురించినది. దాన్ని మీరు చివర్లో, ఏదో గుర్తొచ్చి రాసినట్టు రాశారు.

కెమెరా పనితనం మీద నాకు పేచీ లేదు. ఇంకా పితకని పాలను వాయిదాలకు జమ వేసుకోవడమే తప్పు. పాడి కోసం అప్పు చేసేవాళ్లలో చాలామంది ఇదే చేస్తారు. ఒక ఆవుకు కెమెరా ఇవాళ 2.5 చూపించిందనుకుందాం. 1 (బాగా బక్కచిక్కింది) నుంచి 5 (బాగా కొవ్వుపట్టింది) వరకు ఉండే ఈ స్కేలు మీద ఈనే సమయానికి అది 3, 3.5 మధ్య ఉండాలి. ఈనిన కొత్తలో ఆవు తిన్నదానికంటే పాలలో పోయేదే ఎక్కువ కాబట్టి ఎంతో కొంత చిక్కుతుంది. అప్పుడు ఎంత మేపినా ఒంటికి పట్టదు. పాలిచ్చే చివరి నెలల్లో సరిచేసుకుని, వట్టిపోయిన రెండు నెలలూ అలాగే నిలుపుకోవాలి. అంటే ఫలితం తెలిసేది వచ్చే ఈతలో. వాయిదా మాత్రం వచ్చే నెల నుంచే మొదలు.

స్కోరు 4 దాటి ఈనే ఆవు మేత తగ్గించేస్తుంది, ఒంటి కొవ్వు అతిగా కరగడం వల్ల వచ్చే కీటోసిస్ అనే జబ్బు బారిన పడుతుంది. కెమెరా దాన్ని ముందే పట్టిస్తే మంచిదే. కానీ రాకుండా ఆగిన జబ్బు ఖర్చు తగ్గిస్తుంది గానీ వాయిదా రోజున చేతిలో నోట్లు పెట్టదు.

ఇంకో సంగతి. కెమెరా స్కోరు చెబుతుంది, దాణా కొనదు. ఉన్న నిల్వంతా డౌన్ పేమెంట్‌కు పోస్తే, 2.5 చూపించిన ఆవుకు అదనంగా ఏం పెడతారు? మళ్లీ చేబదులా? సరుకు అమ్మేవాడే అప్పు కూడా ఇప్పిస్తుంటే ఆ తొందర ఎవరిదో కాస్త ఆలోచించండి.

ముందు మంద మొత్తానికీ బీమా చేయించండి, బాగా పాలిచ్చే నాలుగింటికే కాదు. ఒక్క ఆవు చచ్చిపోయినా ఆ నెల వాయిదా ఆగదు. బీమా చేసిన ఆవును గుర్తుపట్టే చెవి ట్యాగులు ఊడిపోయి ఉంటే ఇప్పుడే వేయించండి, క్లెయిములు ఆగిపోయేది ఎక్కువగా అక్కడే. బీమా సాధారణంగా చావుకే డబ్బిస్తుంది. జబ్బుపడి పాలు సగానికి పడిపోతే పైసా రాదు. అందుకే అత్యవసర నిధి కావాలి: మూడు నెలల దాణా, మందులు, కూలీలు, పాత అప్పుల వాయిదాలు, వీటన్నిటికీ సరిపడా. ఇంటి ఖర్చులకు ఆరు నెలలది వేరే ఖాతాలో. రెండూ కలిపేస్తే రెండూ మిగలవు, నా మాట నమ్మండి.

ఈలోపు స్కోరు ఆగాల్సిన పనిలేదు. ఆవును పక్కనుంచి చూడండి. తుంటి ఎముక నుంచి తోక దగ్గరి పిరుదు ఎముక దాకా ఉండే గీత మధ్యలో కోసుగా లోపలికి విరిగినట్టుంటే స్కోరు 3 లేదా అంతకంటే తక్కువ. గుండ్రంగా వంపు తిరిగి ఉంటే 3 దాటినట్టే. వట్టిపోయేటప్పుడు, ఈనినప్పుడు, ఈనిన నెలకు ఒకే మనిషి చూసి నోట్‌బుక్‌లో రాస్తే చాలు. రోజువారీ కెమెరా అసలు అక్కరకొచ్చేది, ఒక్కో ఆవును చూసే తీరిక ఎవరికీ లేని పెద్ద మందల్లో. 30 ఆవులంటే రోజూ మీ కళ్ల ముందే తిరుగుతుంటాయి కదా!

నలుగురు రైతులు కలిసి కొనడం, అద్దెకు తీసుకోవడం, ఫోన్ యాప్ వాడటం, ఇవీ చూడొచ్చు.

పాలసీ చేతికొచ్చి, నిధి నిండి, సిస్టమ్ ధరలో సగమైనా మీ సొంత డబ్బు ఉన్నప్పుడు మళ్లీ రాయండి. రాసేముందు కంపెనీవాళ్లను రెండు అడగండి: ఏ ఆవు వెళ్తోందో గుర్తించే రీడర్, ఏటా సాఫ్ట్‌వేర్ ఫీజు ఆ ధరలోనే ఉన్నాయా? మీ జాతి ఆవుల మీద దాన్ని పరీక్షించారా? జవాబులు కాగితం మీద రాయించుకోండి.