పంటి వేరు కొన దగ్గర ఎముకలో మచ్చ ఉంటే రూట్ కెనాల్‌తో తగ్గుతుందా?

తగ్గుతుంది, ఆ మచ్చకు కారణం చచ్చిపోయిన పంటి నరమే అయితే, చాలావరకు రూట్ కెనాల్ ఒక్కటే సరిపోతుంది.

అసలు జబ్బు ఎముకలో కాదు, పంటి లోపల ఉంటుంది. చచ్చిన నరంలో పెరిగిన బాక్టీరియా వేరు కొన నుంచి బయటికి రాకుండా శరీరం పోరాడుతుంది, ఆ పోరులో చుట్టూ ఉన్న ఎముక కరిగిపోతుంది, అదే ఎక్స్‌రేలో మచ్చగా కనిపిస్తుంది. రూట్ కెనాల్‌లో నరం ఉండే వేరు లోపలి కాలువను శుభ్రం చేసి గట్టిగా మూసేస్తే ఎముక మళ్లీ పెరుగుతుంది. మాత్రలు మాత్రమే వాడితే లాభం లేదు. చచ్చిన నరానికి రక్తం అందదు కాబట్టి మందూ అక్కడికి చేరదు.

ఉదాహరణకు, ఎప్పుడో దెబ్బ తగిలిన ముందు పన్ను నల్లబడి, ఎక్స్‌రేలో వేరు కొన దగ్గర గుండ్రటి నల్ల మచ్చ కనిపించిందనుకోండి. చికిత్స తర్వాత 6 నెలలు, ఏడాదికి తీసే ఎక్స్‌రేల్లో అది చిన్నదవుతూ రావాలి. పూర్తిగా పోవడానికి ఒక్కోసారి 4 ఏళ్లు కూడా పట్టొచ్చు, కంగారు పడొద్దు.

మచ్చ పెద్దగా ఉంటే అది సిస్టే (ద్రవం నిండిన సంచి లాంటిది), పన్ను పీకాల్సిందే అనుకోవడం పొరపాటు. అది సిస్టో కాదో ఎక్స్‌రే ఒక్కటే చూసి తేల్చలేరు. అయితే ఆ పంటి నరం బతికే ఉంటే మచ్చకు కారణం వేరే ఉన్నట్టు, అప్పుడు రూట్ కెనాల్ పనిచేయదు. అందుకే ముందు నరం పరీక్ష తప్పనిసరి.