రేకుల షెడ్డుకు అడ్వాన్స్ ఇయ్యకు బిడ్డా

హన్మకొండ

బిడ్డా,

రాత్రి మీ బాపు ఫోన్ చేసి, నువ్వు నర్సంపేట దిక్కు రైజోబియం, అదే పప్పుజాతి మొక్కల వేర్లల్ల ఉండి గాలిల నత్రజని పట్టిచ్చే బ్యాక్టీరియా, దాని పొడి తయారుచేసే యూనిట్ పెడుతున్నవని చెప్పిండు. ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ చదివిన పిల్ల నౌకరికి హైదరాబాద్ పోతదనుకున్న. నువ్వేమో మళ్ల ఎవుసం దిక్కే మల్లినవు. మస్తు సంబురమై మీ పెద్దమ్మను నిద్రల నుంచి లేపి చెప్పిన, తిట్లు తిన్న. గని ఫోన్ పెట్టే ముంగట మీ బాపు "రేకుల షెడ్డు అగ్గువకు దొరికింది అన్నా" అన్నడు. ఇగ నాకు నిద్ర ఎక్కడిది?

నీకు తెలిసినవి ముందు చెప్త. లైసెన్స్ కాయితాలు వ్యవసాయ శాఖల జల్ది పెట్టుకో. ఆవిరితోని క్రిములను చంపే ఆటోక్లేవ్ 121 డిగ్రీలు, 15 పౌండ్ల ఒత్తిడికి ఎక్కినంకనే టైం లెక్కపెట్టు. బ్యాక్టీరియాను కలిపే నైవేలి లిగ్నైట్ బొగ్గు పొడికి పులుపు గుణం ఉంటది, సున్నపురాయి పొడి కలిపి సరిచెయ్యి. ప్యాకెట్ మీద ఏ పంటకో పెద్దగ రాయించు, పెసరదీ సోయాదీ ఒక్కటి కాదు. విత్తనానికి మందు పట్టించేది ఉంటే అది ముందు, మన పొడి ఆఖర్ల, బెల్లం నీళ్లతోని, నీడల ఆరబెట్టాలె అని కూడ రాయించు.

బ్యాక్టీరియా పెంచే ప్లేట్ల ముచ్చట మాత్రం జర ఆగి చదువు. పేగులల్ల ఉండే ఈ.కోలై బ్యాక్టీరియా మంచి తిండి దొరికితే 20 నిమిషాలకే ఒకటి రెండైతది. సోయా రైజోబియం గట్ల కాదు, మన ఊరి బస్సు లెక్క. ప్లేట్ మీద కంటికి ఆనాలంటే దగ్గర దగ్గర వారం. రెండో రోజుకే ప్లేట్ నిండితే పండుగ చేసుకోకు, వేరేది జొచ్చిందన్నట్టు. కాంగో రెడ్ అనే ఎర్ర రంగు కలిపిన ప్లేట్ మీద మనది తెల్లగనే ఉంటది, రంగు తాగి ఎర్రబడ్డదాన్ని అనుమానించు.

ఇగ షెడ్డు. ఇది మీ బాపుకు కూడ చెప్పలేదు.

నేను ఒక కంపెనీ ల్యాబుల పనిచేస్తున్నప్పుడు, ఓ మే నెల, ప్యాకెట్లు కట్టిన రోజు పొడిల ఎన్ని కణాలు బతికున్నయో లెక్క పెట్టిన. అంకె మంచిగ వచ్చింది, రిజిస్టర్‌ల రాసి సంతకం పెట్టిన. డబ్బాలు పోయి రేకుల గోదాముల పడ్డయి. మూడు వారాలు. పగటీలి ఆ అర్రల నిలబడితే పట్టుమని పది నిమిషాలకు అంగి తడిసేది. 28, 30 డిగ్రీల్ల హాయిగ బతికే ప్రాణి, కేంద్రకం కూడ లేని ఒంటి కణం, అండ్ల ఏమైతదో నాకు ఎరుకే. మళ్ల లెక్కపెడుదామనుకున్న. వానలు దగ్గరవడ్డయి, మేనేజర్ తొందర చేసిండు, బండి ఎక్కించిన.

భైంసా దిక్కు ఒక పెద్దమనిషి, రేగడి చేను, మొదటిసారి సోయా పెట్టిండు. మన భూములకు పెసర, కంది పాతకాపులు, వాటికి సరిపడే బ్యాక్టీరియా మట్టిలనే ఉంటది. సోయా కొత్తది. ప్యాకెట్‌ల లేకుంటే ఇంకెక్కడా లేదు. "పనిచేస్తదా సారూ" అని అడిగిండు. "గ్యారంటీ" అన్న.

జులై ఆఖర్ల పోతే చేను పసుపు తిరిగి ఉన్నది. ఒక మొక్క పారతోని పెళ్లగించి బకెట్ల కడిగిన. మంచిగ పట్టిన వేరుకు జొన్న గింజలంత బుడిపెలుంటయి, గోటితోని చీరితే లోపల నెత్తురు రంగు. మన రక్తంల ఉండే హిమోగ్లోబిన్‌కు దగ్గరి సుట్టం అది. ఈ వేరుకు ఒక్కటంటే ఒక్కటి లేదు. నున్నగ, కడిగిన దారం లెక్క. ఇంకో నాలుగు పీకిన. గంతే.

ఆ పెద్దమనిషి పక్కన కూసుండి, "అవి వచ్చేటందుకు ఇంకెన్ని రోజులైతది సారూ?" అన్నడు.

"ఇంకో పది రోజులు" అన్న బిడ్డా. రెండోసారి అబద్ధం ఆడిన. తర్వాత ఉద్దెర యూరియా తెచ్చి చల్లిండని విన్న. మళ్ల ఆ ఊరికి పోలే.

మీ నాయినమ్మ బడి మొహం చూడలే. తోడు వేసే ముందు పాలల్ల వేలు ముంచి చూసేది, వేలు ఓర్వకుంటే తోడు చస్తదని. ఆమె కొడుకును నేను, డిగ్రీ చదివిన.

1888ల బైయరింక్ అనే డచ్చాయన వేరుబుడిపెల నుంచి దీన్ని తీసి పెంచిండు, అప్పటి సంది పెంచుడు అందరికి వచ్చు. సర్కారు కూడ గ్రాము పొడిల కనీసం 5 కోట్ల కణాలు బతికి ఉండాలని రూల్ పెట్టింది. నువ్వు ఆ 5 కోట్లు ప్యాకెట్ కట్టిన రోజు లెక్కపెట్టి మురవకు. ప్రతి బ్యాచ్‌ల కొన్ని ప్యాకెట్లు, గోదాముల అన్నిటికంటె ఎక్కువ కాగే మూలకు పెట్టి, నెలకు తీసి మళ్ల లెక్కపెట్టు. తక్కువొస్తే పారబొయ్యి. పైసలు పోతయి, పోనీ. మీ బాపు లొల్లి పెడితే నాకు ఫోన్ చెయ్యమను.

కోపమొచ్చిందా? నీ చేతి మీద నమ్మకం లేక రాస్తలేను. నువ్వు ఆరో తరగతిల పెసర మొక్క పీక్కొచ్చి "పెద్దబాపూ, వేరుకు పుండ్లయినయి" అని ఏడ్చినవు, యాదికున్నదా? అప్పుడే అనుకున్న.

ఆదివారం పొద్దుగాల బస్సుకు వస్తున్న. పాత థర్మామీటర్ సంచిల పెట్టిన. పగటీలి రెండింటిదాక ఆ షెడ్డులనే కూసుందాం, ఇద్దరం. అప్పటిదాక అడ్వాన్స్ ఇయ్యకు. పెద్దమ్మ సకినాలు పంపుతది.

మీ పెద్దబాపు