మ్యూజియం వర్క్‌షాప్‌కి వెళ్లాలా, మానేయాలా?

ప్రశ్న: టీచర్ ట్రైనింగ్ చివరి సంవత్సరంలో ఉన్నాను, నా సబ్జెక్టు హిస్టరీ. ఒక మ్యూజియం వాళ్లు హిస్టరీ టీచర్ల కోసం వారం రోజుల వర్క్‌షాప్ పెడుతున్నారు. ఆ టైములో కంప్యూటర్ కోర్సు చేస్తే ఉద్యోగానికి పనికొస్తుందని ఫ్రెండ్స్ అంటున్నారు. ఏం చేయమంటారు? మ్యూజియంలోనే ఉద్యోగం దొరికే అవకాశం ఉందా?

జవాబు: వెళ్లండి. కాకపోతే సర్టిఫికెట్ మీద ఆశలు పెట్టుకోకండి, ఇంటర్వ్యూలో దాన్ని ఒకసారి చూసి పేజీ తిప్పేస్తారు. అదే ఆ వారంలో చూసిన ఒక వస్తువుతో మీరు తయారుచేసుకున్న పాఠం, అది చెప్పినప్పుడు పిల్లలు రాసిన జవాబులు ముందు పెట్టారనుకోండి, అప్పుడు ఆగి ప్రశ్నలు అడుగుతారు. కంప్యూటర్ కోర్సు అవసరమే, కాదనను. కానీ అది అన్ని సబ్జెక్టుల వాళ్లూ చేస్తారు, ఎప్పుడైనా చేసుకోవచ్చు.

మ్యూజియంలో టీచర్‌కి కొత్తగా వచ్చేదేముంది అనిపించొచ్చు. బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న రోజెట్టా రాయినే తీసుకోండి. 1799లో ఈజిప్టులో ఫ్రెంచి సైనికులకు దొరికింది, మూడు లిపులున్నాయి, దాని సాయంతో 1822లో షాంపోలియన్ అనే ఫ్రెంచి పండితుడు ఈజిప్టు చిత్రలిపి గుట్టు విప్పాడు, ఇంతే కదా మనం చెప్పేది? పిల్లలు బట్టీ కొడతారు, పరీక్షలో రాసేస్తారు. అసలు ఆ రాయి మీద ఏం రాసుందని ఎప్పుడైనా అడిగారా? క్రీస్తుపూర్వం 196లో, ఐదో టాలమీ అనే కుర్ర రాజును పొగుడుతూ పూజారులు చేసిన తీర్మానం అది. ఆలయాలకు ఆయన పన్నుల్లో రాయితీలిచ్చాడు, వాళ్లేమో ఆయన విగ్రహాలు గుళ్లలో పెట్టి పూజిస్తామన్నారు. అదే మాటను మూడు లిపుల్లో ఎందుకు చెక్కించారు, ఎవరికి ఏది చదవడం వచ్చు అని అడిగితే ఇంకో పీరియడ్ నడుస్తుంది. ఇక రాయి పక్క అంచులు చూడండి. 1801లో బ్రిటిష్ సైన్యం ఈజిప్టులో పట్టుకుందని ఒకవైపు, మూడో జార్జి రాజు బహూకరించాడని రెండోవైపు ఇంగ్లిషులో పెయింటుతో రాశారు. ఫ్రెంచివాళ్లకు దొరికిన ఈజిప్టు రాయి లండన్ ఎలా చేరింది, ఎవరిది ఎవరు ఎవరికి బహూకరించారు అనే దగ్గరికి వచ్చేసరికి వెనక బెంచీలు కూడా లేస్తాయి.

వర్క్‌షాప్‌లో నేర్చుకోవాల్సింది ఈ అడగడమే. శామ్ వైన్‌బర్గ్ అనే పరిశోధకుడు 8 మంది చరిత్రకారులకు, 8 మంది హైస్కూల్ విద్యార్థులకు అవే పత్రాలిచ్చి, మనసులో మెదిలేది పైకి చెబుతూ చదవమన్నాడు (ఈ అధ్యయనం 1991లో అచ్చయింది). చరిత్రకారులు ముందు ఎవరు రాశారో, ఎప్పుడు రాశారో చూసుకున్నారు, విద్యార్థులు చాలావరకు పైనుంచి కిందికి చదువుకుంటూ పోయారు. మ్యూజియంలో లేబుల్ కూడా ఎవరో రాసిందే. మొహెంజొదారోలో 1926లో దొరికిన పదిన్నర సెంటీమీటర్ల కంచు బొమ్మను నాట్యగత్తె అంటున్నాం, నడుం మీద చెయ్యి పెట్టి నిలబడ్డ ఆ తీరు తప్ప దానికి ఆధారం ఏముంది? లేబుల్ దాచేసి, బొమ్మ మాత్రం చూపించి, ఏం కనిపిస్తోంది, దాన్నిబట్టి ఏమనుకుంటున్నారు, ఇంకా ఏం తెలుసుకోవాలనుంది అని వరసగా అడగండి. హార్వర్డ్ యూనివర్సిటీలోని ప్రాజెక్ట్ జీరో అనే పరిశోధన బృందం వాళ్లు ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది. చూడ్డానికి చాలా సింపుల్, కానీ పిల్లలు మొదటి ప్రశ్నకి జవాబు చెప్పకుండానే రెండోదానికి దూకేస్తారు, వాళ్లను పట్టి ఆపడంలోనే ఉంది టీచర్ పనితనమంతా.

ఫీజు కట్టే ముందు మాత్రం షెడ్యూల్ తెప్పించుకోండి. పొద్దున లెక్చర్లు, మధ్యాహ్నం గైడ్ వెనక గ్యాలరీలు తిరగడం, చివరి రోజు గ్రూప్ ఫొటో అని ఉంటే అది విహారయాత్ర, డబ్బులు మిగుల్చుకోండి. వస్తువుల్ని, కనీసం నకళ్లనైనా, చేత్తో పట్టుకుని చూడనిస్తారా? మీ పాఠం మీరే రాసుకునే టైము ఉందా? తిరిగి వెళ్లాక క్లాసులో అది ఎలా నడిచిందో విని సలహా చెప్పేవాళ్లు ఉంటారా? ఈ మూడోది ముఖ్యం. టీచర్ల శిక్షణ మీద 35 అధ్యయనాలను పరిశీలించి 2017లో అమెరికాలో వచ్చిన ఒక సమీక్ష కూడా, కొంతకాలం పాటు సాగి, తోటి టీచర్లతో కలిసి పనిచేయించి, పక్కన ఉండి సలహా ఇచ్చే శిక్షణే ఫలితమిస్తుందని చెప్పింది.

వెళ్లేటప్పుడు మీకు చెప్పడానికి బోర్ కొట్టే పాఠం ఒకటి వెంట తీసుకెళ్లండి, వారమంతా దానికి పనికొచ్చే వస్తువు కోసమే వెతకండి. దొరికాక ఫొటో తీసుకోనిస్తే లేబుల్ కూడా తీసుకోండి, దాని మీదుండే యాక్సెషన్ నంబర్ (మ్యూజియం ఒక్కో వస్తువుకి ఇచ్చుకునే నమోదు సంఖ్య) రాసుకోండి. మ్యూజియం ఆన్‌లైన్ కేటలాగ్‌లో అదే వస్తువు మళ్లీ దొరకాలంటే ఆ నంబరే దిక్కు.

మ్యూజియం ఉద్యోగం సంగతి. పెద్ద మ్యూజియాల్లో ఎడ్యుకేషన్ విభాగాలుంటాయి, స్కూల్ పిల్లల కార్యక్రమాలు చూసేది వాళ్లే, కానీ పోస్టులు తక్కువ. చాలాచోట్ల మ్యూజియాలజీ (మ్యూజియాల నిర్వహణ గురించిన చదువు) డిగ్రీ అడుగుతారు. ఇప్పుడే అటు దూకే బదులు కొన్నేళ్లు క్లాసులో పాఠాలు చెప్పండి, ఈలోగా సెలవుల్లో వాలంటీర్‌గా తీసుకుంటారేమో వర్క్‌షాప్ జరిగే వారంలోనే ఆ విభాగం వాళ్లను అడిగేయండి.