హెచ్‌డీఆర్ షూటింగ్‌కు 1000 నిట్ల మానిటర్ ఒక్కటి సరిపోతుందా?

లాగ్‌లో (వెలుగునీడల వివరాలు ఎక్కువగా నిలిచేలా పాలిపోయిన బొమ్మగా రికార్డు చేసే పద్ధతి) చిత్రీకరించి చివరికి హెచ్‌డీఆర్‌లో (మామూలు వీడియో కన్నా ఎక్కువ వెలుగు తేడాలు చూపే పద్ధతి) ఇవ్వాల్సిన పనికి, కెమెరా మీద బిగించే 1000 నిట్ల (నిట్ అంటే తెర వెలుగుకు కొలత) చిన్న మానిటర్ సరిపోతుందా అని ఒకరు అడిగారు. షూటింగ్ జరపడానికి చాలు. హెచ్‌డీఆర్ బొమ్మ ఎలా ఉంటుందో తెలుసుకోవడానికి చాలదు. డాక్యుమెంటరీలకు, ప్రకటనలకు కెమెరా పని చేస్తూ నాకు అర్థమైనంత చెబుతాను.

అలాంటి మానిటర్ మీద రాసిన 1000 నిట్లు ప్రధానంగా ఎండలో బొమ్మ కనబడటానికి. ఈ చిన్న ఎల్‌సీడీల్లో చాలావాటికి వెనుక వెలుగు తెర అంతటికీ ఒకటే. కాంట్రాస్ట్ (తెలుపు వెలుగుకూ నలుపు వెలుగుకూ నిష్పత్తి) సుమారు 1000:1. అంటే తెలుపు 1000 నిట్లు ఉన్నప్పుడు నలుపు కూడా 1 నిట్ దగ్గర వెలుగుతూనే ఉంటుంది. రాత్రి సన్నివేశం అందులో బూడిద పూసినట్టు కనిపిస్తుంది. గ్రేడింగ్ (తీసిన బొమ్మ రంగులు, వెలుగు సరిదిద్దే పని) గదుల్లో వాడే సోనీ బీవీఎం-హెచ్ఎక్స్310 మానిటర్ కూడా 1000 నిట్లదే, కానీ దాని కాంట్రాస్ట్ 10,00,000:1. ధరల్లో ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడా ఊరికే రాలేదు.

ఎక్స్‌పోజర్‌ను నేను ఏ తెరనూ చూసి నిర్ణయించను. సిగ్నల్‌లో వెలుగు ఎంతుందో గ్రాఫ్‌గా చూపే వేవ్‌ఫామ్‌నే నమ్ముతాను. సోనీ లాగ్ అయిన ఎస్-లాగ్3 అయితే 18 శాతం గ్రే కార్డు 41 శాతం దగ్గర, 90 శాతం తెలుపు 61 శాతం దగ్గర ఉండాలి. తెర వెలుగు పెంచినా తగ్గించినా ఆ అంకెలు మారవు. ఒక్క జాగ్రత్త: వేవ్‌ఫామ్, ఫాల్స్ కలర్ (వెలుగు స్థాయిలను వేర్వేరు రంగుల్లో చూపేది) లట్‌కు (లాగ్ బొమ్మను చూడదగ్గ రంగుల్లోకి మార్చే పట్టిక) ముందు సిగ్నల్‌ను చదువుతున్నాయా, తర్వాతా అన్నది మెనూలో చూసుకోండి. తర్వాతదైతే పై అంకెలు పనికిరావు.

మరి నిజమైన హెచ్‌డీఆర్ మానిటర్ ఎందుకు? ఫ్రేమ్‌లో కన్ను ఎటు పోతుందో చూడటానికి. మనిషి వెనుక కిటికీ ఉన్న ఇంటర్వ్యూను తీసుకోండి. మామూలు వీడియో ప్రమాణమైన రెక్709 లట్‌లో ఆ కిటికీ ఒక తెల్లని మచ్చ, అంతే, ఎవరూ పట్టించుకోరు. హెచ్‌డీఆర్‌లో అదే కిటికీ ముఖం కన్నా ఎన్నో రెట్లు వెలుగుతుంది, బయట నిలబెట్టిన లైటు స్టాండు కూడా స్పష్టంగా కనిపిస్తుంది. చూసేవాళ్లు మాట్లాడే మనిషిని వదిలేసి దాన్నే చూస్తారు. షూటింగ్‌లోనే తెలిస్తే కుర్చీ తిప్పవచ్చు, కిటికీకి ఎన్‌డీ జెల్ (వెలుగు తగ్గించే పలచని షీటు) అంటించవచ్చు. గ్రేడింగ్‌లో తెలిస్తే కలరిస్ట్ దాన్ని అణచడానికి తంటాలు పడాలి. నిగనిగలాడే నుదురు, వెనకాల వెలిగే బల్బు, తెల్ల చొక్కా కూడా ఇలాగే ఇబ్బంది పెడతాయి.

ఆ హెచ్‌డీఆర్ మానిటర్‌ను ఎండలో పెడితే మాత్రం డబ్బు దండగ. హెచ్‌డీఆర్ వీడియోకు ఉన్న బీటీ.2100 ప్రమాణం తెర చుట్టూ 5 నిట్ల మసక వెలుగు ఉండాలంటుంది. లొకేషన్‌లో అంత కుదరదు కానీ నల్ల గుడ్డ కప్పిన చిన్న టెంటు వేస్తే చాలావరకు పని జరుగుతుంది. ఎండలోంచి లోపలికి వచ్చినవాళ్లు కళ్లు సర్దుకునేదాకా అభిప్రాయం చెప్పకుండా ఆగడం మంచిది (దర్శకులకు ఈ మాట చెప్పడం కాస్త కష్టమే).

సిగ్నల్ దగ్గరే ఎక్కువ గందరగోళం. కెమెరా లాగ్ పంపిస్తే, మానిటర్‌లో ఆ కెమెరా కంపెనీ లాగ్‌నే ఎంచుకుని, హెచ్‌డీఆర్ సిగ్నల్ రకాలైన పీక్యూలోకో హెచ్ఎల్‌జీలోకో మార్చమనాలి. కెమెరా ముందే హెచ్ఎల్‌జీ పంపిస్తుంటే ఈ మార్పిడి పూర్తిగా ఆపేయాలి, లేకపోతే రెండుసార్లు మారి రంగులు విరిగిపోతాయి. నలుపు పాలిపోయినా, నీడలన్నీ ముద్దగా నల్లబడినా ముందు ఫుల్, లీగల్ రేంజ్ అమరిక (నలుపు నుంచి తెలుపు దాకా సిగ్నల్ ఏ అంకెల మధ్య ఉండాలన్నది) కెమెరాలో, మానిటర్‌లో ఒకటేనా చూడండి.

బడ్జెట్ చూసుకుని కొనేవాళ్లకు నా సలహా: వేవ్‌ఫామ్ బాగున్న మామూలు మానిటర్ కొనండి. కిటికీలు, రాత్రి దీపాలు, ఎదురెండ ఉన్న రోజులకు మాత్రం హెచ్‌డీఆర్ మానిటర్ అద్దెకు తీసుకోండి. అదీ కుదరకపోతే, ముందు రోజు అదే లొకేషన్‌లో టెస్ట్ షాట్ తీసి, హెచ్‌డీఆర్‌కు గ్రేడ్ చేసి, మంచి ఓఎల్‌ఈడీ టీవీలో చూసుకోండి. తెర మొత్తం తెల్లగా ఉన్న బొమ్మ వస్తే ఆ టీవీలు వెలుగును తామే తగ్గించుకుంటాయి కాబట్టి, అలాంటి షాట్లను వాటిలో చూసి తీర్పు చెప్పకండి.